హత్యలో ఆయుధం ఎవరి గురించి చెబుతుంది?

విషం పెట్టి చంపారని వార్త రాగానే చాలామంది అనుమానం ముందుగా ఇంట్లో ఆడవాళ్ల మీదికే పోతుంది. విషం ఆడవాళ్ల ఆయుధమన్న నమ్మకం పాతది, డిటెక్టివ్ కథలు దాన్ని ఇంకా గట్టిపరిచాయి. అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 1980 నుంచి 2008 దాకా ఆ దేశంలో జరిగిన హత్యల లెక్క తీస్తే మరో సంగతి బయటపడింది. విషప్రయోగం కేసుల్లో నిందితులుగా తేలినవాళ్లలో దాదాపు 60 శాతం మగవాళ్లే. అలాగని ఆ పాత నమ్మకానికి ఆధారమే లేదనడానికీ వీల్లేదు. అన్నిరకాల హత్యలూ కలిపితే నిందితుల్లో ఆడవాళ్లు పదిశాతం దగ్గర ఉంటారు. విషం కేసులు మాత్రమే తీసుకుంటే వాళ్ల వాటా 40 శాతానికి చేరుతుంది.

ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. వెయ్యిమంది హంతకులున్నారనుకుందాం. వాళ్లలో 900 మంది మగవాళ్లు, 100 మంది ఆడవాళ్లు. మగవాళ్లలో ముగ్గురు, ఆడవాళ్లలో ఇద్దరు విషం వాడారు. అంటే చంపిన ఆడది విషం వాడే అవకాశం, చంపిన మగవాడు విషం వాడే అవకాశం కంటే ఆరు రెట్లు ఎక్కువ. అయినా విషం వాడిన ఐదుగురిలో ముగ్గురు మగవాళ్లే. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆ వందమంది ఆడవాళ్లలో 98 మంది విషం జోలికే పోలేదు. కాబట్టి విషం కనిపించింది కదా అని ఆడమనిషిని అనుమానించడం సరికాదు. ఆడమనిషి పట్టుబడింది కదా అని విషం కోసం వెతకడం అంతకంటే పెద్ద తప్పు.

ఆయుధాన్ని బట్టి మనిషిని అంచనా వేయడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువభాగం ఇక్కడే పుడతాయి. "ఇలాంటివాళ్లు ఏ ఆయుధం వాడతారు" అన్నది ఒక ప్రశ్న. "ఈ ఆయుధం వాడినవాళ్లు ఎలాంటివాళ్లు" అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి అతికిస్తే అమాయకులు ఇరుక్కుంటారు. అయితే ఆయుధం ఏమీ చెప్పదని కాదు. అది హంతకుడి మనస్తత్వం గురించి చెప్పేది తక్కువ, ఆ హత్య జరిగిన పరిస్థితి గురించి చెప్పేది చాలా ఎక్కువ. ఆ నిమిషానికి చేతికి ఏం అందింది, ఇద్దరి మధ్య సంబంధం ఏమిటి, ఎవరి బలం ఎంత, ఎక్కడ జరిగింది అన్న విషయాల జాడ ఆయుధంలో ఉంటుంది. వీటికి తోడు, జరిగిన దాడి గాయంతో ఆగుతుందా ప్రాణం తీస్తుందా అన్నది కూడా చాలావరకు ఆయుధం మీదే ఆధారపడుతుంది.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,58,000 మంది హత్యకు గురయ్యారు. ఏ ఆయుధమో తెలిసిన కేసుల్లో 47 శాతం తుపాకీవి, 22 శాతం కత్తిలాంటి పదునైన వస్తువులవి. మిగతావాటిలో కర్రతోనో రాయితోనో కొట్టడం, ఉత్త చేతులతో కొట్టడం, గొంతు నులమడం, నిప్పుపెట్టడం, నీట ముంచడం, విషం వంటివి ఉన్నాయి. ఈ ప్రపంచ సగటును ఏ దేశానికీ నేరుగా వర్తింపజేయలేం. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో నాలుగింట మూడు హత్యలు తుపాకీతో జరుగుతుంటే, యూరప్‌లోనూ ఆసియాలోనూ ఆ వాటా ఐదోవంతు కంటే తక్కువ. ఇక్కడ తేడా మనుషుల కోపంలో లేదు. చేతికి అందే వస్తువులో ఉంది.

దొరకడం అంటే కూడా ఒక్క అర్థం లేదు. ఫిన్లాండ్ చూడండి. అక్కడ జనం దగ్గర ఉన్న తుపాకులు నూటికి 30కి పైనే. యూరప్‌లో ఇది చాలా ఎక్కువ. అవి ఎక్కువగా లైసెన్సు ఉన్న వేట తుపాకులు, తాళం వేసిన బీరువాల్లో ఉంటాయి. అక్కడ మామూలుగా కనిపించే హత్య వేరే రకం. పని లేని నడివయసు మగవాళ్లు ఇద్దరు ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని తాగుతారు, మాటా మాటా పెరుగుతుంది, ఒకడు వంటింట్లో కత్తి అందుకుంటాడు. చంపినవాడూ చచ్చినవాడూ పాత పరిచయస్తులే, చాలాసార్లు తాగుడు స్నేహితులే. పక్కనే ఉన్న స్వీడన్‌లో గత కొన్నేళ్లుగా కథ వేరేగా నడుస్తోంది. అక్కడి నేర నివారణ మండలి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఏటా పది లక్షల మందికి దాదాపు నలుగురు తుపాకీ కాల్పుల్లో చనిపోతున్నారు. యూరప్ సగటు 1.6 మాత్రమే. ఈ కాల్పుల్లో ఎక్కువభాగం నేర ముఠాల మధ్య జరిగినవి, వాడినవి దొంగ పిస్టళ్లు, చంపినవాళ్లూ చనిపోయినవాళ్లూ ఎక్కువగా కుర్రవాళ్లు. లైసెన్సు తుపాకులు ఎక్కువున్న దేశంలో కత్తి హత్యలు ఎక్కువ, దాని పొరుగున తుపాకీ హత్యలు ఎక్కువ కావడం వింతగా అనిపించవచ్చు. తుపాకులు ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఏ రకం తుపాకీ, ఎవరి జేబులో, ఏ గొడవ మధ్యలో ఉందన్నది చూస్తే ఆ వింత పోతుంది.

ఇంట్లో జరిగే హత్యల్లో కత్తికి అంత పెద్ద స్థానం ఉండడానికి కారణం కూడా ఇదే. కత్తి లేని ఇల్లు ఉండదు. క్షణికావేశంలో ఎవరూ ఆయుధం కొనడానికి బజారుకు వెళ్లరు, చెయ్యి చాపితే అందేదే పట్టుకుంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లో పదునైన ఆయుధాలతో జరిగే హత్యలే అన్నింటికంటే ఎక్కువ, మొత్తంలో దాదాపు 40 శాతం. తుపాకీవి ఐదుశాతం దగ్గర. అక్కడ ఒకే ఆయుధం రెండు పూర్తిగా వేరైన నేరాల్లో కనిపిస్తుంది. ఒకటి వీధిలో టీనేజీ కుర్రాళ్ల మధ్య జరిగేది. ఎదుటివాడి దగ్గర కత్తి ఉంటుందేమోనన్న భయంతో వీడూ కత్తి పెట్టుకు తిరుగుతాడు, ఆ టెన్షన్‌లో చిన్న గొడవ ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ఇంట్లో భార్యనో మాజీ భార్యనో చంపేది. పోలీసు రికార్డులో ఈ రెండూ ఒకే గడిలో పడతాయి. "కత్తి నేరాలు పెరిగాయి" అన్న ఒక్క వాక్యం చదివి రెండింటికీ ఒకే మందు వేయాలని చూస్తే, రెండోదానికి ఏమాత్రం పనిచేయదు. వీధుల్లో తనిఖీలు చేస్తే జేబులో కత్తి దొరుకుతుంది, వంటింటి కత్తి దొరకదు.

ఆడవాళ్ల హత్యల దగ్గర కాసేపు ఆగాలి. ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్లలో నూటికి 80 మంది మగవాళ్లే. కానీ వాళ్లలో ఎక్కువమందిని చంపేది బయటివాళ్లు. 2021లో హత్యకు గురైన ఆడవాళ్లలో 56 శాతం మందిని చంపింది భర్తో, ప్రియుడో, సొంత కుటుంబసభ్యులో. మగవాళ్లలో అలా ఇంటివాళ్ల చేతిలో పోయింది 11 శాతమే. ఈ తేడా ఆయుధంలోనూ కనిపిస్తుంది. గొంతు నులమడం, ఊపిరాడకుండా చేయడం మగవాళ్ల హత్యల్లో చాలా అరుదు. ఆడవాళ్ల హత్యల్లో, ముఖ్యంగా తుపాకులు తక్కువున్న దేశాల్లో, అది ముందువరసలో ఉండే పద్ధతి. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆడవాళ్ల విషయంలో కత్తి తర్వాతి స్థానం దానిదే. దానికి మూడు విషయాలు కలిసిరావాలి. బాగా దగ్గరగా ఉండాలి, వేరేవాళ్లెవరూ ఉండకూడదు, బలంలో తేడా ఉండాలి. దాంపత్యంలో ఈ మూడూ ఒకేచోట దొరుకుతాయి. అందుకే గొంతు మీద వేళ్లు నొక్కిన గుర్తులు కనిపించిన శవం, హంతకుడు ఎవరన్నది చెప్పకపోయినా, బహుశా ఎంత దగ్గరివాడన్నది చెబుతుంది.

ఆడవాళ్లు హంతకులైన కేసుల్లో ఈ బలం లెక్క తిరగబడుతుంది. పెద్దవాళ్లను చంపిన ఆడవాళ్లలో ఉత్త చేతులు వాడినవాళ్లు చాలా తక్కువ. తుపాకీ దొరికే దేశంలో తుపాకీ, దొరకని దేశంలో కత్తి. ఎదుటివాడు తనకంటే బలవంతుడైనప్పుడు ఆ తేడాను పూడ్చే వస్తువు కావాలి. తల్లిదండ్రులను చంపిన పిల్లల మీద అమెరికాలో జరిగిన పరిశీలనల్లోనూ ఇదే పోలిక కనబడింది. తండ్రిని చంపిన మైనర్లలో తుపాకీ వాడినవాళ్లు ఎక్కువ, తల్లిని చంపిన కేసుల్లో ఇతర ఆయుధాల వాటా పెరిగింది. దీన్ని చూసి "పగ తక్కువ, పగ ఎక్కువ" అని మనస్తత్వం వెతకడం కంటే, పదహారేళ్ల పిల్లాడు నలభై ఐదేళ్ల మనిషిని ఎదుర్కోవడానికి ఏం కావాలి అని అడిగితే జవాబు తిన్నగా దొరుకుతుంది.

పసిపిల్లల విషయంలో ఆయుధం అన్న మాటే చెల్లదు. ఏడాది లోపు పిల్లల హత్యల్లో ఎక్కువగా కనబడేవి కొట్టడం, కుదపడం, ఊపిరాడనివ్వకపోవడం. చేసినవాళ్లు చాలావరకు తల్లో తండ్రో, తల్లితో ఉంటున్న మగవాడో. పిల్లలు పెరిగేకొద్దీ ప్రమాదం ఇంట్లోంచి వీధిలోకి జరుగుతుంది, టీనేజీకి వచ్చేసరికి తుపాకీ లేదా కత్తి ముందుకొస్తుంది. ముసలివాళ్ల హత్యల్లో మొద్దు వస్తువులతో కొట్టడం, దొంగతనానికి వచ్చి చంపడం మిగతా వయసులవాళ్ల కంటే ఎక్కువ. జబ్బుపడిన భార్యను చంపి తానూ చనిపోయిన వృద్ధుల కేసులూ వీటిలో ఉన్నాయి.

ఇక అసలు వివాదం. ఆయుధం హంతకుడి ఉద్దేశాన్ని చూపే గుర్తు మాత్రమేనా, లేక చావుకు అదే ఒక కారణమా? మార్విన్ వోల్ఫ్‌గాంగ్ అనే నేరశాస్త్రవేత్త ఫిలడెల్ఫియాలో 1948 నుంచి 1952 దాకా జరిగిన 588 హత్యలను పరిశీలించి 1958లో ఫలితాలు ప్రచురించారు. హత్యల్లో దాదాపు నాలుగోవంతు కేసుల్లో మొదట చెయ్యి చేసుకున్నది చనిపోయినవాడేనని ఆయన చూపించారు. చంపినవాడూ చచ్చినవాడూ పూర్తిగా వేరు జాతులు కారని ఆ ఒక్క సంఖ్య చెబుతుంది. తాగిన ఇద్దరి గొడవలో ఎవరు నిందితుడవుతాడో, ఎవరు శవమవుతాడో ఎన్నోసార్లు ఆఖరి నిమిషంలో తేలుతుంది. కానీ ఆయుధం గురించి ఆయన చెప్పిన మాట వేరు. తుపాకీ దగ్గర లేకపోయినంత మాత్రాన ఆ హత్యలు పెద్దగా తగ్గవని, చంపాలనుకున్నవాడు కత్తి పట్టుకుంటాడని ఆయన అభిప్రాయం.

పదేళ్ల తర్వాత, 1968లో, ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ అనే మరో నేరశాస్త్రవేత్త దాన్ని చికాగో పోలీసు రికార్డులతో సవాలు చేశారు. ఆయన హత్యలను మాత్రమే కాక, ప్రాణం పోకుండా ఆగిన దాడులను కూడా లెక్కలోకి తెచ్చారు. ఆ చిన్న మార్పుతోనే చిత్రం మారిపోయింది. తుపాకీ దాడులూ కత్తి దాడులూ చాలావరకు ఒకేరకం గొడవల్లోంచి పుట్టాయి, ఒకేరకం మనుషుల మధ్య జరిగాయి. కానీ తుపాకీ దాడిలో చావు, కత్తి దాడిలో కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. తుపాకీతో చంపిన చాలా కేసుల్లో తగిలింది ఒక్క తూటానే. కచ్చితంగా చంపాలన్న నిశ్చయం ఉంటే ఒక్కదానితో ఆపడు కదా అన్నది జిమ్రింగ్ వాదన. 1972లో ఆయన ఇంకో అడుగు ముందుకేసి తుపాకులను తుపాకులతోనే పోల్చారు. క్యాలిబర్, అంటే తూటా వ్యాసం, పెరిగేకొద్దీ చావులు పెరిగాయి.

ఈ పరిశీలనకు బలమైన తోడు 2018లో దొరికింది. ఆంథొనీ బ్రాగా, ఫిలిప్ కుక్ అనే పరిశోధకులు కలిసి బోస్టన్‌లో 2010 నుంచి 2014 మధ్య జరిగిన కాల్పుల కేసులను తీసుకున్నారు. చనిపోయినవాళ్లనూ బతికినవాళ్లనూ పోల్చారు. ఎన్ని గాయాలు, ఎక్కడ తగిలాయి, ముఠా గొడవా కాదా అన్న విషయాల్లో చిన్న క్యాలిబర్ వాడినవాళ్లకూ పెద్ద క్యాలిబర్ వాడినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఫలితంలో మాత్రమే కనిపించింది. చిన్న క్యాలిబర్‌తో పోలిస్తే మధ్యరకం తూటా తగిలితే చావు అవకాశం 2.3 రెట్లు, పెద్దది తగిలితే 4.5 రెట్లు. అందరూ చిన్న క్యాలిబరే వాడి ఉంటే హత్యలు దాదాపు 40 శాతం తగ్గేవని వాళ్ల అంచనా. గురి ఒకటే, కోపం ఒకటే, పగ ఒకటే. ఒకడు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాడు, ఇంకొకడు పోస్టుమార్టం బల్ల మీదికి వెళ్లాడు. వాళ్లిద్దరినీ కాల్చినవాళ్లలో ఒకడు దాడి కేసులో, ఇంకొకడు హత్య కేసులో ముద్దాయి. ఆయుధం కేవలం ఉద్దేశానికి గుర్తు అనే వాదన దీని ముందు నిలబడడం కష్టం.

అయితే వోల్ఫ్‌గాంగ్ మాటలో కొంత నిజం ఇంకా మిగిలే ఉంది. ముందే ఒప్పందం కుదుర్చుకుని, మనిషిని వెతికి మరీ చంపే ముఠా హత్యల్లో ఆయుధం ఎంపిక నిజంగానే ఉద్దేశాన్ని చూపుతుంది. అలాంటివాడికి ఒక తుపాకీ దొరక్కపోతే ఇంకొకటి వెతుక్కుంటాడు. దోపిడీల్లో మరో మెలిక ఉంది. తుపాకీ చూపించిన దోపిడీలో బాధితుడు ఎదురుతిరగడు, కాబట్టి గాయాలు తక్కువ. కానీ చావులు మాత్రం కత్తి దోపిడీల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువని కుక్ అధ్యయనాలు చెబుతున్నాయి. గాయాలు తగ్గడాన్ని మాత్రమే చూపించి తుపాకీ మేలు చేస్తుందనేవాళ్లు, చావులను మాత్రమే చూపించేవాళ్లు, ఇద్దరూ సగం లెక్కే చెబుతున్నారు. ప్రాణం పోవడం, గాయపడడం సమానం కావు గనుక రెండో లెక్క వైపే తూకం మొగ్గుతుంది.

చావు లెక్కలో ఆయుధంతోపాటు ఆసుపత్రి కూడా ఉంటుంది. ఆంథొనీ హారిస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1960 తర్వాత అంబులెన్స్ సేవలూ, తీవ్ర గాయాలకు చేసే అత్యవసర వైద్యమూ మెరుగుపడకపోయి ఉంటే, 1990ల చివరలో అమెరికాలో ఏటా 15,000 నుంచి 20,000 దాకా ఉన్న హత్యలు 45,000 నుంచి 70,000 దాకా ఉండేవి. అంటే ఇవాళ దాడి కేసుగా నమోదైనవాటిలో చాలా భాగం ఆ కాలంలో హత్యలే అయ్యేవి. కత్తిపోట్లకు సమయానికి సర్జరీ అందితే బతికించడం సాధ్యం. తలలోకి దిగిన తూటాకు వైద్యుడు చేయగలిగింది తక్కువ. అందుకే వైద్యం మెరుగైనకొద్దీ హత్యల జాబితాలో మిగిలేవి ఎక్కువగా తుపాకీ కేసులే అవుతాయి. 2021లో అమెరికాలో జరిగిన సుమారు 26,000 హత్యల్లో దాదాపు 21,000 తుపాకీవి.

ఈ లెక్కలన్నీ చదివేటప్పుడు మరచిపోకూడని ఒక ఖాళీ ఉంది. హంతకుడెవరో తెలిస్తేనే అతని వయసు, లింగం, బాధితుడితో సంబంధం రికార్డుకు ఎక్కుతాయి. ఉత్త చేతులతో, కత్తితో జరిగిన హత్యలు తేలిగ్గా తేలుతాయి. చంపినవాడు తెలిసినవాడై ఉంటాడు, దగ్గరగా వచ్చి చంపాడు గనుక రక్తం, చర్మం, వేలిముద్రలు వదులుతాడు, తరచూ తనకూ గాయమవుతుంది. కదిలే కారులోంచి కాల్చినవాడు ఇవేవీ వదలడు, చూసినవాళ్లు భయంతో నోరు విప్పరు. అమెరికాలో 2020 నుంచి 2022 దాకా హత్య కేసుల్లో తేలినవి సగానికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి, తేలనివాటిలో తుపాకీ కేసుల వాటా ఎక్కువ. కాబట్టి "హంతకుల్లో ఇంతమంది తెలిసినవాళ్లే" అన్న వాక్యం నిజానికి "దొరికిన హంతకుల్లో" అని చదువుకోవాలి. తుపాకీ కేసుల్లో అపరిచితుల వాటా లెక్కల్లో కనబడేదానికంటే ఎక్కువే ఉండాలి.

దర్యాప్తులో ఎక్కువగా వినిపించే ఇంకో మాట, శవం మీద కత్తిపోట్లు ఎక్కువగా ఉంటే హంతకుడు దగ్గరివాడని, పగతో చంపాడని. ఇందులో కొంత పస ఉంది. భాగస్వామి హత్యల్లో అవసరానికి మించిన గాయాలు కనిపించడం మామూలే. కానీ కత్తి స్వభావమే అంత. ఒక్క పోటుతో మనిషి పడిపోడు, ఎదురుతిరుగుతాడు, పొడిచినవాడు భయంతో మళ్లీ పొడుస్తాడు. మత్తులో ఉన్నవాడు, తీవ్రమైన మానసిక వ్యాధితో ఉన్నవాడు ముక్కూ ముఖం తెలియని మనిషిని కూడా అలాగే పొడవగలరు. పోట్ల సంఖ్య దర్యాప్తుకు ఒక దారి చూపించవచ్చు. కోర్టులో దాన్ని సంబంధానికి రుజువుగా నిలబెట్టడం మాత్రం అన్యాయం.

ఆయుధం సమాచారం ఎక్కువగా అక్కరకొచ్చే చోటు హత్య జరిగాక కాదు, జరగకముందు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం అమెరికాలోని 11 నగరాల్లో చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, హింసించే భర్తకో ప్రియుడికో తుపాకీ అందుబాటులో ఉంటే ఆమె హత్యకు గురయ్యే ముప్పు సుమారు ఐదు రెట్లు పెరిగింది. నాన్సీ గ్లాస్ తదితరులు 2008లో అదే సమాచారాన్ని ఇంకోవైపు నుంచి చూశారు. అంతకుముందు ఎప్పుడైనా అతను ఆమె గొంతు నులిమి ఉంటే, తర్వాత హత్య జరిగే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువ. గొంతు నులమడం చాలాసార్లు బయటికి మచ్చ కూడా మిగల్చదు. పోలీసు వచ్చి చూస్తే చెంప మీద దెబ్బ కంటే తక్కువగా కనబడుతుంది, చిన్న కేసుగా రాసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత కొన్ని దేశాల్లో పోలీసులు, నర్సులు ఇంటి హింస బాధితులను అడిగే ప్రశ్నల్లో "ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా" అన్నది చేరింది. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రాణం పోకపోయినా గొంతు నులమడాన్ని ప్రత్యేక నేరంగా చేసిన సెక్షన్ 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది, ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడుతుంది.

ఇదే దారిలో ఇంకో ఫలితం కూడా ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అమెరికాలో భార్య లేదా ప్రియురాలి చేతిలో చనిపోయే మగవాళ్ల సంఖ్య 1976 నుంచి 2005 మధ్య నాలుగోవంతుకు పడిపోయింది. అదే కాలంలో భాగస్వామి చేతిలో చనిపోయే ఆడవాళ్ల సంఖ్య అంతగా తగ్గలేదు. విడాకులు సులభం కావడం, ఆశ్రయ గృహాలు, హెల్ప్‌లైన్లు, ఆడవాళ్ల సంపాదన పెరగడం ఇందుకు కారణాలని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆశ్రయ గృహాలూ హెల్ప్‌లైన్లూ పెట్టింది ఆడవాళ్లను కాపాడడానికి. తప్పించుకునే దారి దొరికినప్పుడు, దెబ్బలు తింటున్న ఆడది కత్తి పట్టుకోవాల్సిన పరిస్థితి దాకా వెళ్లలేదు. కానీ ఎక్కువగా బతికింది మాత్రం మగవాళ్లు. అతను ఆమెను వెతుక్కుంటూ వెళ్లినప్పుడు అతని చేతిలో తుపాకీ ఉండకుండా చూసే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.